ఒకే జన్యు ఫలితం, ఇద్దరు పిల్లలు: తప్పంటే హడలిపోయే ఒక పాప కేస్ స్టడీ

ఉమ్మి శాంపిల్ కొరియర్‌లో పంపిస్తే చాలు, పిల్లల చదువు, ఏకాగ్రత, కోపం, ఆటలు అన్నిటికీ జన్యువుల్లోంచి జాతకం తీసి ఇచ్చే కంపెనీలు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఆ రిపోర్టు పట్టుకుని, పిల్లల మానసిక సమస్యలు చూసే నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులూ పెరిగారు. అలాంటప్పుడు వంశపారంపర్యం అన్న విషయాన్ని కేసులో ఎక్కడ వాడుకోవాలి, ఎక్కడ పక్కన పెట్టాలి అన్నది ఈ కేసులో బాగా తేటపడింది. అందుకే రాస్తున్నాను. తల్లిదండ్రులు అనుమతి ఇచ్చారు. "నా పేరు రాయకపోతే ఓకే" అంది పాప. ఎవరో పోల్చుకునే వీలున్న వివరాలన్నీ మార్చాను.

నేపథ్యం

పాపకి పదేళ్లు, ఐదో తరగతి. తమ్ముడికి ఏడు. ఇంట్లో అమ్మ, నాన్న, నానమ్మ. నాన్నది అంకెలతో పని. ఒక సున్నా అటూ ఇటూ అయితే సంజాయిషీ రాసుకోవాల్సిన ఉద్యోగం. అమ్మ ఇంటి నుంచే పార్ట్ టైమ్ పని చేస్తారు. స్కూల్లో ప్రతి సోమవారం స్లిప్ టెస్ట్, మర్నాడు క్లాసులో అందరి ముందూ మార్కులు చదవడం. మన ఊళ్లలో ఇది మామూలే కదా.

"హోంవర్క్‌కి కూర్చుంటే లేవదు మేడమ్" అన్నది అమ్మ మొదటి మాట. పది లెక్కలకి రెండు మూడు గంటలు పడుతోంది. రాయడం, చెరపడం, మళ్లీ రాయడం. నోట్‌బుక్ తెచ్చి చూపించారు. చెరిపి చెరిపి కాగితం చిరిగిన చోట వెనక నుంచి సెల్లో టేప్ అంటించి ఉంది, ముందువైపు ఆ అతుకు మీదే మళ్లీ అంకె వేసి ఉంది. ఒక్కో లెక్క పూర్తి కాగానే "అమ్మా, కరెక్టేనా?" అని అడుగుతుంది. అవునంటే "నిజంగా చూశావా?" అంటుంది. మళ్లీ అవునంటే ఓ నిమిషం ఊరుకుని అదే లెక్క మళ్లీ చూపిస్తుంది.

స్కూల్లో సమస్య వేరేలా కనబడింది. టెస్టులో జవాబు తెలిసిన ప్రశ్నలు కూడా వదిలేస్తోంది. టీచర్ 'కేర్‌లెస్, ఇంటరెస్ట్ లేదు' అని డైరీలో రాశారు. నిజానికి తప్పు రాసేకన్నా ఖాళీ వదలడమే నయమన్నది పాప లెక్క. సోమవారం పొద్దున కడుపునొప్పి. పిల్లల డాక్టర్ అన్నీ చూసి, శరీరంలో ఏ లోపమూ లేదని చెప్పాకే నా దగ్గరికి పంపారు.

చేతిలో రిపోర్టు

రిపోర్టును అమ్మే బల్ల మీద పెట్టారు. పిల్లలిద్దరికీ చేయించారు. పాప పేజీలో, డోపమైన్ (మెదడులో సంకేతాలు మోసే రసాయనం) రిసెప్టర్‌కి సంబంధించిన డీఆర్‌డీ2 అనే జన్యువు దగ్గర ఫలానా రకం ఉందని, కాబట్టి ఈ బిడ్డ నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ నుంచి నేర్చుకోలేదని, ప్రశంసలతో, బహుమతులతో మాత్రమే నేర్పాలని రంగురంగుల మీటర్ బొమ్మతో సహా ఉంది.

ఇంట్లో దాన్ని అక్షరాలా పాటించారు. తప్పులు చూపించడం మానేశారు. గోడ మీద చార్టు పెట్టి, కరెక్టయిన ప్రతి లెక్కకీ ఒక స్టార్ అంటించారు. మొదట్లో పాప ఉత్సాహంగానే ఉందట. కొన్నాళ్లకి మొదటికే మోసం వచ్చింది. అప్పటిదాకా తప్పు పోతే తప్పే పోయేది, ఇప్పుడు స్టార్ కూడా పోతోంది. పైగా ఇంట్లో ఎవరూ తప్పు చెప్పడం లేదు గనుక, ఎవరైనా ఊరుకుంటే చాలు, "తప్పయింది, అందుకే మాట్లాడట్లేదు" అనుకోవడం మొదలుపెట్టింది. "కరెక్టేనా" ప్రశ్నలు పెరిగాయి. నన్ను ఇంకా కలవరపెట్టింది మరొకటి. ఓ రోజు నాన్న ఏదో అనబోతే, "నాకు ఆ జీన్ ఉంది కదా, నేను నేర్చుకోలేను" అని పాప జవాబు చెప్పిందట.

తమ్ముడి పేజీ తిప్పి చూశాను. అదే చోట అదే ఫలితం, అదే వాక్యం. వాడు హోంవర్క్ పది నిమిషాల్లో గీకి పారేసి, తప్పులు చూపిస్తే "ఓహో" అని దిద్దుకుని ఆడుకోవడానికి పరుగెత్తే రకం అని వాళ్లమ్మే చెప్పారు. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి ఆమెకే చూపించాను. చాలాసేపు చూసి, "మరి వీడికెందుకు లేదు?" అన్నారు. రిపోర్టు తప్పని నేను వాదించాల్సిన పని లేకుండా పోయింది.

దాన్ని చెత్తబుట్టలో వేయమని చెప్పకపోవడానికి కారణం ఉంది. డబ్బు పెట్టారు, దాని ద్వారా తమ బిడ్డది మొండితనం కాదన్న ఊరట కూడా పొందారు. ఆ ఊరటలో నిజం ఉంది. దాన్ని ఉంచుకుని, మీటర్ బొమ్మను మాత్రం తీసేయాలి.

రిపోర్టు వెనక ఉన్న సైన్సు ఎంత?

ఆ వాక్యం గాల్లోంచి పుట్టలేదు. 2007లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక పరిశోధన జరిగింది. డీఆర్‌డీ2కి సంబంధించిన ఏ1 రకం ఉన్నవాళ్లు, ఏది వద్దో ఫీడ్‌బ్యాక్ ద్వారా తెలుసుకోవడంలో వెనకబడ్డారని, తప్పు తెలిసినప్పుడు వాళ్ల మెదడులో ఆ పని చూసే చోట స్పందన తక్కువగా ఉందని తేలింది. సైన్స్ పత్రికలో వచ్చింది, పేరు తెచ్చుకుంది. కాకపోతే అది 26 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల మీద చేసింది, పిల్లలు ఒక్కరూ లేరు. ఆ తేడా ఉన్న చోటు అసలు డీఆర్‌డీ2 లోపల కాదు, పక్కనున్న ఏఎన్‌కేకే1 అనే జన్యువులో ఉంది. ఇలా ఒక్కో జన్యువును పట్టుకుని ఒక్కో స్వభావానికి ముడిపెట్టిన పాత ఫలితాల్లో చాలా వాటికి పెద్ద సంఖ్యలో జనాన్ని తీసుకుని చూసినప్పుడు బలం దొరకలేదు. పైగా ఏ1 అరుదైనదేమీ కాదు, మన చుట్టూ ఉన్న ఎందరిలోనో ఉంటుంది. దాన్ని చూసి ఒక పిల్లని ఎలా పెంచాలో చెప్పడం కుదరదు.

అలాగని తప్పుకి మెదడు స్పందించే తీరులో వంశపారంపర్యం లేదా అంటే, గట్టిగానే ఉంది. తప్పు మీట నొక్కిన సెకనులో పదో వంతు గడిచేలోపే తల ముందుభాగంలో నడిమధ్య పెట్టిన ఎలక్ట్రోడ్ల దగ్గర ఒక చిన్న విద్యుత్ తరంగం కనిపిస్తుంది. 1990ల మొదట్లో జర్మనీ, అమెరికా పరిశోధకులు విడివిడిగా గుర్తించారు. ఈఆర్‌ఎన్ అంటారు. మెదడు ముందుభాగంలో లోపలివైపున్న యాంటీరియర్ సింగులేట్ కార్టెక్స్ నుంచి వస్తుంది. మనిషికి 'అయ్యో' అనిపించే లోపే మెదడు తప్పు పట్టేస్తుందన్నమాట. 12 ఏళ్ల కవలల మీద అమెరికాలో చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. ఈ తరంగం ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉండటంలో దాదాపు సగం జన్యువులదే అని తేలింది. ఓసీడీ (అనుమానంతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) ఉన్నవాళ్లలో ఈ తరంగం పెద్దగా ఉంటుంది. వాళ్ల దగ్గరి బంధువుల్లో, ఏ జబ్బూ లేకపోయినా, పెద్దగానే ఉంటుందని 2011లో చూపించారు.

ఇక్కడ తల్లిదండ్రులు తరచూ తికమకపడతారు. సగం జన్యువులదంటే, ఈ పాప భయంలో సగం నాన్నదని కాదు. జనంలో ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఉన్న తేడాల లెక్క అది. ఆ సగం కూడా ఒక్క జన్యువుది కాదు, ఒక్కోటీ కాస్త కాస్త చెయ్యేసే లెక్కలేనన్ని జన్యువులది. అందుకే లాలాజలం కన్నా కుటుంబ చరిత్ర నాకు ఎక్కువ చెబుతుంది.

నేను ఏం చూశాను

ముందు కొట్టేయాల్సినవి కొట్టేశాను. మిసిక్ పరీక్షలో తెలివితేటలు వయసుకి తగ్గట్టు, కాస్త పైనే ఉన్నాయి. నేర్చుకోవడంలో ఇబ్బందుల్ని పట్టే నిమ్హాన్స్ వాళ్ల ఎస్‌ఎల్‌డీ బ్యాటరీలో చదవడం, రాయడం, లెక్కలు అన్నీ బాగున్నాయి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకు) లక్షణాలు ఇంట్లోగానీ స్కూల్లోగానీ లేవు. కొందరు పిల్లల్లో అలా మొదలవుతుందంటారు గనుక, గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత ఉన్నట్టుండి మొదలైందా అని అడిగాను. లేదు, రెండో తరగతి నుంచీ మెల్లగా పెరిగింది. పిల్లల ఓసీడీ కొలిచే స్కేలు మీద పేరు పెట్టేంత స్కోరు రాలేదు గానీ, ఆ దారిలోనే ఉంది. ఆందోళన స్కోరు మాత్రం ఎక్కువ.

ల్యాప్‌టాప్ మీద బాణాల ఆట ఒకటి పెడతాను. తెర మీద ఐదు బాణాలు వస్తాయి, మధ్య బాణం ఎటు చూస్తే అటు మీట నొక్కాలి, పక్క బాణాలు దారి తప్పిస్తుంటాయి. నా క్లినిక్‌లో ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల్ని నమోదు చేసే యంత్రం) లేదు. ఉన్నా ఈఆర్‌ఎన్‌తో ఒక పిల్లకి జబ్బు నిర్ధారించడం కుదరదు. పిల్ల తప్పు చేసే క్షణాన్ని దగ్గర నుంచి చూడటానికే ఆ ఆట.

పాప తప్పు మీట నొక్కిన ప్రతిసారీ తెర వైపు కాదు, నా ముఖం వైపు చూసింది. ఆ తర్వాతి బాణాలకి వేలు మీట మీదే ఆగిపోయేది. ఆట తప్పని చెప్పక ముందే తనకి తెలిసిపోయింది, కానీ ఆ తప్పు ఎంత పెద్దదో నా ముఖంలో వెతుక్కుంటోంది. తమ్ముడు కూడా ఆడాడు. తప్పులు బోలెడు, వేగం ఏమాత్రం తగ్గలేదు. ఏడేళ్ల వాడితో పదేళ్ల పిల్లని నేరుగా పోల్చలేం. ఈఆర్‌ఎన్ చిన్నపిల్లల్లో చిన్నగా ఉండి వయసుతో పెరుగుతుంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో 2008లో చేసిన అధ్యయనంలో 8, 9 ఏళ్ల పిల్లల మెదడు 'భలే చేశావ్'కి ఎక్కువ స్పందించింది, పెద్దవాళ్ల మెదడు 'తప్పు'కి ఎక్కువ స్పందించింది. పదకొండు నుంచి పదమూడేళ్ల వాళ్లు ఆ మలుపు మీద ఉన్నారు. అంటే ఈ పాప తప్పుల బరువు సహజంగానే పెరిగే వయసులోకి అడుగుపెడుతోంది. తమ్ముడు ఇంకా అటువైపు ఉన్నాడు. వాడి నిశ్చింతలో స్వభావమెంత, వయసెంత అన్నది ఇప్పుడే తేలదు.

కేసు మలుపు తిరిగింది మాత్రం నానమ్మ మాట వల్ల. "నాతో వైకుంఠపాళి ఆడితే పెద్ద పాము మింగినా పకపకా నవ్వుద్దండీ. చదరంగం తీస్తే మాత్రం పావు ముట్టుకోదు." పాము మింగితే అది పాచిక చేసిన పని, చదరంగంలో తప్పు ఎత్తు తన చెయ్యి చేసిన పని. చెడ్డ ఫలితం రావడం పాపకి సమస్య కాదు, తాను చేసిన తప్పే సమస్య. మెదడులో కూడా ఇవి రెండూ ఒకటి కావు. బయటి నుంచి ఫలితం తెలిశాక పావు సెకను దాటాక వచ్చే తరంగం వేరు, తన తప్పు తనకే తెలిసినప్పుడు వచ్చే ఈఆర్‌ఎన్ వేరు. రిపోర్టు చెప్పింది మొదటిదాని గురించి, అదీ స్పందన తక్కువని. ఈ పాపది రెండోది, అది మరీ ఎక్కువ. జన్యు సలహా వ్యతిరేక దిక్కుకి నడిపించింది.

నాన్నతో

కుటుంబ చరిత్ర కోసం నాన్నని విడిగా కూర్చోబెట్టాను. ఇలాంటివి మామూలుగా అడిగితే "మా ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదు" అంటారు. అందుకని జబ్బు ఊసెత్తకుండా, "ఊరెళ్లేటప్పుడు మీ ఇంట్లో తాళం ఎవరు వేస్తారు?" అని అడిగాను. ఆయన నవ్వారు. తనే వేస్తారట. గేటు దాటాక వెనక్కొచ్చి లాగి చూస్తారు, వీధి చివరి నుంచి మళ్లీ వస్తారు. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్‌ని ఫోనులో ఫొటో తీసుకుంటారు. వాళ్లక్కకి ఓసీడీ మందులు నడుస్తున్నాయన్న సంగతి ఆ తర్వాత వచ్చింది.

"అంటే నా వల్లేనా మేడమ్?"

"రంగు, ఎత్తు ఎలా వచ్చాయో ఇదీ అలాగే కొంత వచ్చి ఉంటుంది. దానికి మీరు చేయగలిగిందేమీ లేదు. కానీ రోజూ రాత్రి ఎర్ర పెన్నుతో నోట్స్ దిద్దుతున్నారు చూడండి, అది మీ చేతిలో ఉంది" అన్నాను.

తల్లిదండ్రుల నుంచి పిల్లలకి జన్యువులే కాదు, ఆ జన్యువులు తీర్చిన ఇల్లు కూడా వస్తుంది. తప్పంటే సహించలేని నాన్న ఆ సున్నితత్వాన్నీ ఇస్తాడు, ఎర్ర పెన్ను పట్టిన ఇంటినీ ఇస్తాడు. న్యూయార్క్‌లోని స్టోనీ బ్రూక్ పరిశోధకులు మూడేళ్ల పిల్లల్ని గమనించి, కటువుగా పెంచిన ఇళ్లలోని పిల్లలకి ఆరేళ్లప్పుడు ఈఆర్‌ఎన్ పెద్దగా ఉందని 2015లో చెప్పారు. అందులో పెంపకమెంత, పంచుకున్న జన్యువులెంత అన్నది అలాంటి అధ్యయనంలో విడదీయడం కష్టం. కాబట్టి ప్రయోగశాలలో చేసిన ఇంకో పని నాకు ఎక్కువ ఉపయోగపడింది. కాలేజీ విద్యార్థులకి కొన్ని తప్పులకి చెవులు అదిరే శబ్దం వినిపించారు, కొన్నిటికి లేదు. శిక్ష పడిన తప్పులకి ఈఆర్‌ఎన్ పెరిగింది. శబ్దం ఆపేశాక కూడా పెరిగే ఉంది, ఆందోళన స్వభావం ఉన్నవాళ్లలో మరీను. జన్యువులు ఎవరివైనా, తప్పుకి కట్టిన ధర మెదడులో నిలిచిపోతుంది.

ఎర్ర పెన్ను పక్కన పెట్టించడం నా మొదటి నిర్ణయం. మరి రిపోర్టు వచ్చాక తప్పులు చూపించడం ఆపేసినవాళ్లు ఇంకా దిద్దడమేమిటి? పాప పడుకున్నాక నాన్న గుట్టుగా దిద్ది, పొద్దున తనే చెరిపి సరిచేసేవారు. పాపకి ఆ సంగతి తెలుసు. చేతిరాత తేడా తెలియదా!

పనిచేయనివి

శ్వాస వ్యాయామంతో మొదలుపెట్టాను, ఆందోళన ఉన్న పిల్లలకి చాలామందిమి అదే చేస్తాం. నాలుగు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం. రెండోసారికే పాప కళ్లు తెరిచి, "మేడమ్, కరెక్ట్‌గా పీలుస్తున్నానా?" అంది. ఈ పిల్లకి ఏ టెక్నిక్ ఇచ్చినా అదొక కొత్త పరీక్ష అవుతుంది. దాన్ని వదిలేశాం.

తర్వాత కావాలని తప్పులు చేయించాను. ఏడు ఎనిమిదులు యాభై నాలుగు అని రాయడం, పేరులో ఒత్తు వదిలేయడం, పెన్నుతో రాసి కొట్టేయకుండా ఉంచడం. భయపడేదానికి కొంచెం కొంచెంగా ఎదురు నిలపడం సీబీటీలో (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్సలో) ప్రధానమైన పద్ధతి. క్లినిక్‌లో బ్రహ్మాండంగా జరిగింది. నవ్వుతూ చేసింది. ఇంటికెళ్తే మళ్లీ సెల్లో టేపే. ఎందుకని ఆలోచిస్తే, నేను చెప్పి చేయించిన తప్పు తన తప్పు కాదు, నాది. అందులో బాధ్యత లేదు, అనుమానం లేదు. ఏడు ఎనిమిదులు యాభై ఆరని తనకి తెలుసు, తెలిసే తప్పు రాస్తోంది. తనని కాల్చేది తప్పు కాదు, తప్పేమో అన్న అనుమానం. ఆ అనుమానంతో కూర్చోవడం ఈ అభ్యాసంలో ఎక్కడా లేదు.

మందుల గురించి కూడా ఆలోచించాం. ఓసీడీ గీత దాటలేదు, నిద్ర, తిండి బాగున్నాయి, బడి మానడం లేదు. ఇంట్లో మార్చదగినవి ఇంకా చాలా ఉన్నాయి. కాబట్టి సైకియాట్రిస్టుతో మాట్లాడి, ఈ టర్మ్ అయ్యేసరికి కదలిక లేకపోతే చూద్దామని అనుకున్నాం.

పనిచేసినది

లక్ష్యం మార్చాను. ఓసీడీ ఉన్న పిల్లలకి చికిత్స చేసి, ముందూ తర్వాతా ఈఆర్‌ఎన్ కొలిచిన అధ్యయనం 2008లో వచ్చింది. లక్షణాలు తగ్గాయి, తరంగం మాత్రం పెద్దగానే మిగిలింది. నాకు అది నిరాశ కలిగించలేదు, దారి చూపించింది. లోపల మోగేది తగ్గకపోయినా పిల్ల బాగుపడుతుంది. కాబట్టి దాన్ని తగ్గించే ప్రయత్నం మాని, మోగాక ఏం చేస్తామన్నది మార్చాలి.

పాపకి ఇలా చెప్పాను. "మీ వీధిలో ఆగి ఉన్న కారు మీదకి పిల్లి దూకితే ఏమవుతుంది?"

"కుయ్యో కుయ్యోమని మోగుద్ది."

"దొంగ వచ్చినట్టా?"

"కాదు." కాసేపాగి, "నా అలారం చెడిపోయిందా?" అంది.

"చెడిపోలేదు, చురుకెక్కువ. పిల్లికీ మోగుతుంది, దొంగకీ మోగుతుంది. మోగిన ప్రతిసారీ అందరూ పరుగెత్తుకు రావాలా అన్నదే మన సంగతి."

"నాన్నది కూడా అలాంటిదేనా?" అంది. నాన్న చెయ్యెత్తారు. 'ఆ జీన్ ఉంది కదా' అన్న మాట మళ్లీ వినిపించలేదు. వంశపారంపర్యం అన్న విషయం అదే, కాకపోతే ఈసారి అది చేతకానితనానికి సర్టిఫికెట్ కాలేదు, నాన్నకీ తనకీ ఉన్న ఒక పోలిక అయింది.

ఇంట్లో ఒప్పందం ఇది. హోంవర్క్‌కి ముప్పావుగంట. టైమ్ అయిపోగానే, పూర్తయినా కాకపోయినా నోట్స్ బ్యాగులోకి. రాత్రి ఎవరూ తెరవరు, నాన్న అసలే తెరవరు. తప్పో ఒప్పో మర్నాడు టీచర్ దగ్గర తేలుతుంది. "కరెక్టేనా" అంటే అమ్మ ఒకే మాట: "అలారం అడుగుతోంది. రేపు తెలుస్తుందిలే." కోపం లేకుండా, బుజ్జగింపు లేకుండా. స్టార్ చార్టు తీసేయమన్నాను. దాని బదులు బహుమతి పెట్టలేదు. అనుమానం ఉన్న జవాబును ఉన్నపళంగా వదిలిన రోజు నాన్నతో కలిసి వీధి చివరి దాకా నడక, అదీ నాన్న గేటు తాళం ఒక్కసారే వేసి బయల్దేరితేనే. ఆయనకీ హోంవర్కే.

మొదటి వారం ఇంకా పెరుగుతుందని ముందే చెప్పి ఉంచాను. చెప్పకపోతే మూడో రోజుకే వదిలేస్తారు. అనుకున్నట్టే ఏడుపు, అరుపులు, ఓ రాత్రి బ్యాగు పట్టుకుని పడుకోవడం. రెండో వారం అనుమానాస్పదంగా ప్రశాంతమైపోయింది. అమ్మ సంబరపడ్డారు. నాకు నమ్మకం కుదరలేదు. ఆరా తీస్తే తెలిసింది, పాప నానమ్మ గదిలోకి వెళ్తోంది. నానమ్మకి ఆ లెక్కలు రావు. అయినా పేజీ చూసి, "కరెక్టే తల్లీ, బంగారం" అంటున్నారు. ఆ భరోసాకి లెక్క రానక్కర్లేదు మరి.

నానమ్మని తప్పుపట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆమె చేసేది ప్రేమే. 'అనకండి' అంటే గుట్టుగా అంటారు. ఆమెకి వేరే పని అప్పగించాను: హోంవర్క్ అయ్యాక చదరంగం బల్ల తీయడం. ఆమెకి ఆట సరిగా రాదు, పాపే నేర్పాలి. నేర్పేటప్పుడు పాప నానమ్మ తప్పు ఎత్తుల్ని రోజూ చూసింది. నానమ్మ నాలుక కరుచుకుని, "పోనీలే, చూద్దాం" అని ఆట సాగించడమూ చూసింది. తన ఎత్తు తప్పినా ఆట ఆగదు, వెనక్కి తీసుకోవడం లేదు. నేను క్లినిక్‌లో తేలేకపోయిన అనుమానం ఇక్కడ ప్రతి ఎత్తులోనూ ఉంది.

స్కూల్లో ఎక్కువ అడగలేదు. అంతమంది పిల్లల క్లాసులో ఒక్కరి కోసం పద్ధతులు మారవని టీచర్ చెప్పారు, అదీ నిజమే. ఆమె ఒప్పుకున్నవి రెండు. పాప మార్కులు పైకి చదవకుండా పేపర్ మడిచి ఇవ్వడం ఒకటి. వదిలేసిన ప్రశ్నకి సున్నా, తప్పు రాసిన ప్రశ్న పక్కన 'ప్రయత్నించింది' అని చిన్న టిక్కు పెట్టడం రెండోది. తప్పులు దాచమని నేను అడగలేదు. ఏది తప్పో పాపకి తెలియాల్సిందే, తెలియకపోతే నేర్చుకోదు. అది పదిమంది ముందు కాకుండా, ఏం దిద్దుకోవాలో చెప్పేలా రావాలి. రిపోర్టు చెప్పిన 'ప్రశంసలు మాత్రమే' పద్ధతికీ దీనికీ ఉన్న తేడా అదే.

టర్మ్ చివరికి హోంవర్క్ ముప్పావుగంటలో ముగుస్తోంది. సోమవారం కడుపునొప్పి ఎప్పుడో గానీ లేదు. టెస్టుల్లో ఖాళీలు తగ్గాయి. మార్కులు అద్భుతంగా పెరగలేదు, రాసిన వాటిలో తప్పులు బయటపడుతున్నాయి గనుక ఒక దశలో తగ్గాయి కూడా. అప్పుడు నాన్న ఫోన్ చేసి టెన్షన్ పడ్డారు. ఖాళీ పేపర్లో తప్పులు కనిపించవని, ఇప్పుడు కనిపిస్తున్నవే దిద్దగలిగేవని చెప్పాను. బాణాల ఆట మళ్లీ పెట్టాను. తప్పు నొక్కినప్పుడు ఉలికిపాటు అలాగే ఉంది. చూపు మాత్రం తెర మీదే నిలిచింది.

తోటి వృత్తివాళ్లకి

జన్యు రిపోర్టుతో వచ్చిన కుటుంబాన్ని ఎగతాళి చేయకండి. 'నా బిడ్డ ఎందుకిలా?' అన్న వాళ్ల ప్రశ్న సరైనదే. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల రిపోర్టులు కూడా ఉంటే అడిగి తీసుకోండి, ఒకే ఫలితంతో రెండు రకాల పిల్లలు కనిపించడం ఉపన్యాసం కన్నా బాగా పనిచేస్తుంది.

జన్యు పరీక్ష అసలే వద్దనడం లేదు. ఎదుగుదల ఆలస్యం, ముఖంలో తేడాలు, పుట్టుకతో గుండె లోపం, ఇంట్లో బుద్ధిమాంద్యం చరిత్ర లాంటివి ఉంటే వెంటనే మెడికల్ జెనెటిక్స్‌కి పంపుతాను. ఫ్రాజైల్ ఎక్స్, 22వ క్రోమోజోమ్‌లో ముక్క లోపించడం, పీకేయూ లాంటి పుట్టుకతో వచ్చే జన్యు జబ్బుల్ని పట్టుకోవడం పిల్ల జీవితాన్నే మారుస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో అందుకు విభాగమే ఉంది. ఈ పాపలో అలాంటి సూచన ఒక్కటీ లేదు.

తప్పంటే భయపడే పిల్లల్లో 'సొంత తప్పా, చెడ్డ ఫలితమా' అన్నది విడదీసి చూడండి. పాచికల ఆట, ఆలోచన ఆట రెండూ ఇంట్లోనే దొరుకుతాయి. రెండిటికీ ఒకేలా కుంగిపోయే పిల్లకి వేరే ప్లాన్ కావాలి, దిగులు గురించి కూడా ఆలోచించాలి.

పాప ఆరో తరగతికి స్కూలు మారుతోంది. సబ్జెక్టుకో టీచర్, కొత్త క్లాసు. మళ్లీ పెరిగే అవకాశం ఉందని ముందే చెప్పాను. పేపర్లో ఖాళీలు మళ్లీ మొదలైనా, హోంవర్క్ గంట దాటినా, కడగడం, సర్దడం, లెక్కపెట్టడం లాంటి కొత్త అలవాట్లు కనిపించినా, రెండు వారాలు చూసి ఫోన్ చేయమన్నాను. మూడోది కనిపిస్తే వెంటనే సైకియాట్రిస్టుని కూడా కలుద్దామని నిర్ణయించుకున్నాం. ఇంకో కంపెనీ పరీక్ష చేయిద్దామా అని అమ్మ అడిగారు. ఆ డబ్బుతో పాపని ఈత క్లాసులో చేర్పించమన్నాను. అక్కడ మార్కులు లేవు, చెరపడానికి రబ్బరూ లేదు.